ప్రతి కథలో చచ్చిపోయే ఏసుబాబు

సిరిసిల్లలో సాంచాలు నడిపే మహిపాల్‌కి చేతులు మరమగ్గం మీద, మనసు వేయేళ్ల అవతల. ఆ చప్పుడులో పక్కవాడి మాటే వినబడదు కాబట్టి అతగాడి కలలకు అడ్డొచ్చేవాడు లేడు. పోగు తెగితే ముడేస్తాడు, మళ్లీ వెళ్లిపోతాడు. ఎక్కడికంటారా? గోదారి ఒడ్డున కోటిలింగాలకు, పాత రాజుల కాలానికి. అక్కడ పూసలు గుచ్చేవాడొకడు, పడవ నడిపేవాడొకడు. ఒకరంటే ఒకరికి ప్రాణం.

పడవవాడి మొహం ఏ కాలంలోనైనా ఏసుబాబుదే. కోరుట్లలో బండ్లు రిపేరు చేస్తాడు. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వేములవాడ వస్తాడు, మహిపాల్ ఇటునుంచి పోతాడు. బస్టాండు పక్కన చాయ్ చల్లారిపోతుంటే మహిపాల్ తన కలల్ని కథగా చెప్పడం, ఏసుబాబు వింటూ కూర్చోవడం, అదే వాళ్ల ప్రేమ. అడిగినవాళ్లకు దోస్తులమని చెబుతారు.

"ఏందిర బై, నన్ను ప్రతిసారి సంపుతవ్?" అన్నాడు ఏసుబాబు ఒకరోజు. "గోదాట్ల ముంచినవ్, కోటగోడ మీదికెల్లి తోసినవ్, నిజాం కాలంల పాముతోటి కరిపిచ్చినవ్. ఒక్క కథలనన్న బతకనియ్యవా?"

"గప్పుడు గట్లనే అయితుండెనేమో."

"మరి గిప్పటి కథల?"

ఇప్పటి కథలో మహిపాల్‌కి తల్లి నర్సవ్వ మేడిపల్లిలో పిల్లను చూసి పెట్టింది. కొడుకు ఇల్లు నిలబడాలని వేములవాడ గుడిలో రాజన్నకు కోడె మొక్కు మొక్కింది. సోమవారం మొక్కు తీరగానే పిల్ల తరఫువాళ్లకు మాట ఇచ్చేస్తుంది. సరేనంటే ఏసుబాబు దక్కడు, కాదంటే అమ్మ తట్టుకోదు. ఎంత పిరికివాడండీ, రాజుల కాలంలో కత్తులు దూయించినవాడు!

సోమవారం గుడి దగ్గర ఇసుకేస్తే రాలని జనం. కోడె తాడును ఇంటివాళ్లు పట్టుకొని గుడి చుట్టూ తిప్పాలి. తండ్రి లేడు కాబట్టి తల్లీకొడుకులే పట్టారు. పొద్దుటి ఎండలో ధూపం పొగ మెల్లగా తేలుతోంది, మహిపాల్‌కి అంతా కలలోలాగే ఉంది. ఇంతలో మైకు కీచుమంది. కోడె బెదిరి గుంజింది. నర్సవ్వ తూలిపడబోయింది.

జనంలోంచి ఒక చెయ్యి వచ్చి తాడును ఒడిసిపట్టింది. ఏసుబాబు! దూరంనుంచి చూసిపోదామని చెప్పకుండా వచ్చాడు.

"ఎవలు కొడుకా గీ పిలగాడు? ఇంటోళ్లు పట్టే తాడు పట్టిండు" అంది నర్సవ్వ.

దోస్తు అన్న మాట మహిపాల్ నాలుక చివరిదాకా వచ్చింది. ఏసుబాబు తలదించుకొని తాడు వదలబోయాడు. మహిపాల్ దోస్తన్న మాట మింగేశాడు.

"ఇంటోడే అమ్మా. నాకు గా పిల్ల అద్దు. నేను బతికితే గీయనతోనే."

నర్సవ్వ కొడుకును చూసింది, ఆ పిలగాడిని చూసింది. కళ్లు నిండిపోయాయి. కొంగుతో తుడుచుకుంటే మళ్లీ నిండాయి. వెనకవాళ్లు నడువుండ్రి, నడువుండ్రి అని తోస్తున్నారు.

చివరికి ముక్కు చీదుకొని ఏసుబాబు వైపు తిరిగింది.

"తాడు ఇడువకు కొడుకా" అంది. "మొక్కు నడుమల ఆపద్దు."