పేరు పెట్టి పిలిచే సందు

టేకు చెక్కను రంపంతో కోసే వాసన తగిలితే చాలు, మస్తాన్ సాబ్ పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది నాకు. ఈ ఉదయమూ అంతే. జెద్దా పాతబస్తీ బలద్‌లో, ఒక పాత మేడ కిటికీ కోసం చెక్క కోస్తూ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఆయనది కడప, నాది నిర్మల్ పక్క పల్లె. ఇక్కడి మేడలకు వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క జాలీ కిటికీలుంటాయి. వాటిని బాగుచేసే పనిలో ఆయన మా మేస్త్రి. వడ్లపని మా ఇంటి విద్య, నాకొకరు నేర్పేదేమిటనే పొగరుతో వచ్చాను. మొదటి వారంలోనే, క్యాంపు బస్సు పోతుందన్న తొందరలో, కొయ్య చీలలు కొట్టాల్సిన చోట ఇనుప స్క్రూలు బిగించేశాను. మర్నాడు వచ్చేసరికి సాబ్ ఒక్కడే కూర్చుని అన్నీ ఊడదీస్తున్నాడు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి చెక్కను చీలుస్తుందని చెప్పి, చీల చెక్కడం చూపించాడు. తిట్టి ఉంటే అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

మేమంతా ఊరి బయట క్యాంపులో ఉండేవాళ్ళం. ఏసీ, మెస్, మనవాళ్ళ కబుర్లు. ఆయన మాత్రం బలద్‌లోనే, మెట్లు అరిగిన ఇంట్లో ఒక గదిలో ఒంటరిగా ఉండేవాడు. తిక్క మనిషని మావాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు చాయ్ తాగుతూ అడిగేశాను.

“క్యాంపుల అందరం ఉన్నం గద సాబ్, ఈడ ఒక్కరే ఎట్లుంటరు?”

“క్యాంపులో నేనొక నంబరబ్బా. ఈ సందులో రొట్టెలాయప్ప నుంచి దర్జీ దాకా మస్తాన్ అని పిలుస్తారు. మనిషి పలకడానికి ఒక పేరుండల్ల గదా.”

మరమ్మతులకని ఒక్కో ఇల్లూ ఖాళీ చేయించేకొద్దీ సందు బోసిపోయింది. రొట్టెలాయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత, వయసైపోయిందని కంపెనీ సాబ్‌కూ ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, ఇక తిరిగి రాకుండా ఊరికి పంపేసింది. వెళ్తూ, గది ఖాళీ పడకూడదని, నన్ను అందులో ఉండమని అడిగాడు. రెండు నెలలు ఉంటానన్నాను. తానూ ఇరవై ఏళ్ళ కింద అదే మాట చెప్పానని నవ్వాడు.

ప్రతి శుక్రవారం కడప నుంచి ఫోన్ చేస్తాడు. మేడలో ఇప్పుడు ఒక్కణ్ణే పని చేస్తున్నాను; వారం మొత్తంలో నా పేరు నాకు వినపడేది అప్పుడే. దర్జీ కూడా వెళ్ళిపోయాక ఈ సందులో నన్ను పిలిచేవాళ్ళు లేరు. ఒక్కోరోజు సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. ఒంటరితనం ఇంత బరువుంటుందని తెలిస్తే ఒప్పుకునేవాణ్ణి కాదేమో.

పోయిన నెల క్యాంపులో మంచం ఖాళీ అయిందని కబురొచ్చింది. ఎగిరి గంతేసి పెట్టె సర్దుకున్నాను. అది శుక్రవారం. ఫోన్ మోగింది.

“రాజన్నా, సందులో ఎవురైనా నన్ను అడుగుతాండారా?”

“అందరు అడుగుతున్నరు సాబ్,” అన్నాను.

ఆయన ఒక్కొక్కరి పేరూ చెప్పి, అందరికీ సలాం చెప్పమన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, పెట్టెలోని బట్టలు తీసి మళ్ళీ కొక్కేలకు తగిలించాను. ప్రతి శుక్రవారం ఆ అబద్ధం క్యాంపులో కూర్చుని చెప్పడం నావల్ల కాదు.