పద్నాలుగు భోజనాలు

హోంగార్డు మంగ్యా తన బతుకులో ఎక్కువ భాగం ఎవరో ఒకరి అనుమానం కిందనే గడిపాడు. నక్సలైట్ల భయం ఉన్న కాటారంలో పనిచేసిన రోజుల్లో భూపాలపల్లి బస్సులో అతని పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేదట. ఖాకీ వేసుకోకపోయినా జుట్టు కత్తిరింపు చూసి జనం లేచి వెనక్కి పోయేవాళ్లు. అదే కాటారంలో పై అధికారులు వారానికోసారి అతని సంచి విప్పించి చూసేవాళ్లు. అడవి అంచు తండాలవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగే మనిషి అతనొక్కడే. ఆ పనికే అతన్ని వాడుకున్నారు, ఆ కారణంగానే నమ్మలేదు. ఈ సంగతులు మా అమ్మకు చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం ఉండేది కాదు. నిన్న మా వైపు వాన పడింది అన్నట్టు చెప్పేవాడు.

మా అమ్మ విజయ మానుకోటలో మెస్ నడిపేది. రోడ్డుకు ఆవలి పక్కన పాత సంత వీధి ఠాణా. 2009 చలికాలంలో తెలంగాణ కోసం బందులు మొదలై కాలేజీలు మూసేస్తే నేను హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాను. పదిమంది ముందు వడ్డించడానికి సిగ్గుపడి, కిటికీ దగ్గర కూర్చుని కూరగాయలు తరిగే పని తీసుకున్నాను. ఆ కిటికీలోంచి ఠాణా వరండా మొత్తం కనిపించేది. వరండాలో మాట్లాడేది మెస్‌లోకి వినిపించేది కూడా.

మంగ్యాది గూడూరు దగ్గర తండా. ఏడో తరగతి వరకు చదివాడు. హోంగార్డుగా పదిహేడేళ్ల సర్వీసు ఉన్నా, ఎస్సై ఒక్క మాట రాసి పంపితే మర్నాటి నుంచి డ్యూటీ ఉండదు. విచారణ ఉండదు, అడిగేవాళ్లు ఉండరు. అతని కూతురు నీలి జనగామలో నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఆ చదువు ఈ డ్యూటీ మీదే నడుస్తోంది.

ఎస్సై మహీధర్ కొత్తగా వచ్చాడు. నర్మెట్ట వైపు భూములున్న ఇంటి అబ్బాయి. ఫ్యాను ఆగినా ఎవరో కావాలని ఆపారనుకునే స్వభావం. ఠాణా రాతకోతలు చూసే రైటర్ శ్రీపాల్ హెడ్ కానిస్టేబుల్. పన్నెండేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని, కుర్చీ కదలకుండా ఊరంతటినీ ఎగతాళి చేయగలిగిన మనిషి.

బంద్ ఉన్న రోజు పొద్దున్నే ఉద్యమం వాళ్లను ఇళ్ల దగ్గరే పట్టుకొచ్చి సాయంత్రం దాకా వరండాలో కూర్చోబెట్టి వదిలేయడం అప్పట్లో పద్ధతి. మహీధర్‌కు ఒక మంచి అలవాటు ఉండేది. తను పట్టుకొచ్చినవాడు ఆకలితో ఉండకూడదు. అందుకని జీపు కదలడానికి ముందే, ఆరు గంటలకు, మంగ్యాను మా మెస్‌కు పంపి ఇన్ని భోజనాలని చెప్పించేవాడు. పట్టుకోవలసిన వాళ్లలో బలరాం అనే లెక్చరర్ ఉన్నాడు. అయ్యప్ప మాలలో ఉన్నాడు. ఊళ్లో ఒంటరిగా గది తీసుకుని ఉండేవాడు కాబట్టి అతని భిక్ష మా అమ్మే చేసేది, వేరే ఇత్తడి గిన్నెలో. ఎస్సై అది కూడా మరిచిపోడు. "ఒకటి ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లేకుంట చెప్పు. స్వామి దీక్ష మనతోని చెడొద్దు" అని పంపేవాడు.

మొదటిసారి పద్నాలుగు భోజనాలు చెప్పారు. జీపు ఏడున్నరకు బయలుదేరి పద్నాలుగు ఇళ్లు తిరిగి ఖాళీగా వచ్చింది. బలరాం గదికి తాళం. మిగతా ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి నిలబడి, పెళ్లికి పోయిండని చెప్పిందట. ఒక్క రోజే అంతమంది ఏ పెళ్లికి పోయారని ఎస్సై అడిగితే, "ఒక్కటే పెళ్లి అయి ఉంటది సార్, పెద్దది" అన్నాడు శ్రీపాల్. ఆ పద్నాలుగు భోజనాలు ఠాణా వాళ్లే రెండు పూటలు తిన్నారు.

రెండోసారి తొమ్మిది భోజనాలు చెబితే ఇద్దరు దొరికారు. అందులో ఒకడికి జ్వరం, లేవలేక దొరికాడు.

"లోపలి మనిషే చెప్తున్నడు" అన్నాడు మహీధర్.

లోపలి మనిషి ఎవరో తేల్చడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. మంగ్యా భార్య రాజీ తమ్ముడు అమర్‌సింగ్ ఆటో నడుపుతాడు, ఉద్యమంలో ముందుంటాడు, రెండుసార్లూ లిస్టులో ఉన్నాడు, రెండుసార్లూ దొరకలేదు. పైగా మంగ్యా ఫోన్లో తండా భాషలో మాట్లాడేది ఠాణాలో ఒక్కరికీ అర్థం కాదు.

"ఏం మాట్లాడినవ్ ఫోన్ల?" అని ఎస్సై వరండాలోనే అడిగాడు.

"ఇంట్ల బియ్యం అయిపోయినయంట సార్."

"గా మాటకు గంత సేపా?"

"సన్నయా దొడ్డయా తేల్చుకుంటుండ్రేమో సార్" అన్నాడు శ్రీపాల్ రాసుకుంటూనే.

"ఇగ నుంచి ఈడ ఉన్నంతసేపు తెలుగుల మాట్లాడు" అన్నాడు ఎస్సై.

ఆ రోజు నుంచి మంగ్యా భార్యతో తెలుగులో మాట్లాడాడు. ఇరవై ఏళ్ల కాపురంలో అది మొదటిసారి. తర్వాత ఆమే మా అమ్మకు చెప్పి నవ్వింది కానీ, అప్పుడు మాత్రం నవ్వలేదు.

"పక్కన ఎవ్వరున్నరు?" అని అడిగిందట.

"ఎవ్వరు లేరు."

"మరి తెలుగెందుకు?"

"సార్ మాట్లాడుమన్నడు."

"మన ఇంట్ల బియ్యంతోని మీ సార్‌కు ఏం పని?"

మర్నాడు రాజీ గూడూరు బస్సెక్కి మానుకోటకు వచ్చి, ఠాణా ఎదురుగా మా మెస్ గుమ్మంలో గంటసేపు కూర్చుంది. వరండాలోకి ఏ ఆడమనిషి వచ్చి పోతోందో చూసుకుని వెళ్లిపోయింది. ఆమె ఎందుకు వచ్చిందో మహీధర్‌కు తెలియక ఆ రాకను కూడా మంగ్యా లెక్కలోనే వేశాడు.

తర్వాత ఒక పరీక్ష పెట్టాడు. రేపు గూడూరు రోడ్డులో ఆటోలన్నీ ఆపి సోదా చేస్తున్నామని మంగ్యా ఒక్కడికే చెప్పి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. అది అబద్ధం. మర్నాడు ఆటోలు ఎప్పటిలాగే ఆ రోడ్డు మీద తిరిగాయి. అమర్‌సింగ్ ఆటో రెండుసార్లు తిరిగింది.

"చూసిండ్రా సార్, చెప్పలే" అన్నాడు శ్రీపాల్.

"చెప్పలేదంటే, గిది ఉత్తదని కనిపెట్టిండు" అన్నాడు మహీధర్.

మంగ్యా చెబితే దొంగ, చెప్పకపోతే ఇంకా పెద్ద దొంగ. మా మెస్‌లో తినేటప్పుడు కూడా అతను గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎవరితో మాట్లాడితే ఎవరికి అంటుకుంటుందోనని భయం.

డిసెంబరు మొదటి వారంలో మానుకోటలో రైల్ రోకో అన్నారు. ముందురోజు మధ్యాహ్నం ఎస్సై మంగ్యాను నిలబెట్టి చెప్పాడు. "రేపు పదకొండు మంది. ఒక్కడు తప్పిపోయినా యూనిఫాం ఈడ పెట్టి తండాకు పో. నేను రాసి పంపిస్త."

"మంచిది సార్" అన్నాడు మంగ్యా.

ఆ సాయంత్రమే రాంజీ ఠాణాకు వచ్చాడు. ఒకప్పుడు వార్డు మెంబరు. ఇస్త్రీ చెడని తెల్ల బట్టలు. శ్రీపాల్ బల్ల ముందు కూర్చుని ఫిర్యాదు చెప్పాడు.

"శ్రీపాలన్నా, నా పేరెందుకు లేదు?"

"ఏ దాంట్ల?"

"పట్టుకపోయే లిస్టుల. రెండుసార్లు చూసిన. మా వాడల మనిషి ముందట తలెత్తుకుంటలేను."

"నువ్వు ఏం జేసినవని పట్టుకపోవాలె?"

"ధర్నాల కూసున్న."

"ఏ వరుసల?"

"మూడో వరుసల."

"ముందలికి జరుగు, అప్పుడు చూద్దాం."

"గట్ల కాదన్నా. మొన్న పద్నాలుగు భోజనాలు చెప్పిండ్రు. పదిహేనోది నా పేరు మీద చెప్తే మీ ఠాణా మునుగుతుండెనా?"

శ్రీపాల్ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. కుండలో నీళ్లు పోస్తున్న మంగ్యా నవ్వలేదు. బిందె పక్కన పెట్టాడు.

"పద్నాలుగని నీకెట్ల తెలుసు?"

"నాకేంది, పొద్దుగాల విజయక్క కాడ చాయ్ తాగేటోళ్లందరికి తెలుసు. పెద్ద ఎసరు పెట్టిందంటే ఠాణా భోజనాలు చెప్పినట్టు. ఠాణా చెప్పిందంటే ఆ పొద్దు పట్టుకుంటరన్నట్టు. ఇత్తడి గిన్నె పొయ్యెక్కితే స్వామి పేరు ఉన్నట్టు. గిందుల తెల్వనిదేముంది?"

ఎస్సై లోపలి గదిలో ఫోన్లో ఉన్నాడు, వినలేదు. శ్రీపాల్ విన్నాడు. నవ్వడం ఆపి రాంజీని, తర్వాత మంగ్యాను చూసి, మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు మంగ్యా మెస్‌లోకి వచ్చాడు. పొయ్యి వైపు చూశాడు. గూట్లో బోర్లించిన ఇత్తడి గిన్నె వైపు చూశాడు. అమ్మ కంచం పెడితే, ఆకలి లేదన్నాడు. రెండుసార్లూ ఆ పద్నాలుగు, ఆ తొమ్మిది ఇక్కడికి మోసుకొచ్చి చెప్పింది తనే. ఎస్సైకి నిజం చెబితే తను బయటపడతాడు. కానీ ఎస్సై ఆ నిజాన్ని అక్కడితో ఆపడు. విజయ ఎందుకు పెద్ద ఎసరు అందరికీ కనపడేలా పెట్టింది, ఎవరు పెట్టమన్నారు, ఎన్నాళ్లుగా అని తవ్వుతాడు. చెప్పకపోతే రేపటితో తన ఖాకీ బట్టలు పోతాయి, నీలి చదువు ఆగుతుంది.

అమ్మ కంచం తీసి పక్కన పెట్టింది. ఆమెకు ఎంత తెలుసో నాకు అప్పుడూ తెలియదు. బయటి పొయ్యి కంటే లోపలి పొయ్యి పెద్దది, మరి ఠాణా ఎసరు ఎప్పుడూ బయటే ఎందుకు పెట్టేదో నేను ఇప్పటిదాకా అడగలేదు.

తెల్లవారి ఆరు గంటలకు వరండాలో ఎస్సై అన్నాడు. "పో మంగ్యా, పదకొండు చెప్పు. ఒకటి ఉల్లిగడ్డ లేకుంట."

మంగ్యా కదలలేదు. "సార్, ఇయ్యాల భోజనాలు ఇప్పుడే చెప్పొద్దు. మనుషులు వచ్చినంక చెప్దాం."

"ఎందుకు?"

"మొన్న చెప్పినయన్ని మనమే తింటిమి గద సార్."

ఎస్సై అతని ముఖంలోకి చూశాడు. "చెప్పాల్సినోళ్లకు అప్పుడే చెప్పినవా ఏంది?"

"నిజమే సార్" అని శ్రీపాల్ కుర్చీలోంచి అందుకున్నాడు. "మొన్న నేనొక్కణ్ణే నాలుగు తిన్న. షుగర్ పెరిగింది."

"సరే. ఫోన్ ఈ బల్ల మీద పెట్టు. నా పక్కన జీపుల కూసో" అన్నాడు ఎస్సై.

ఆ పొద్దు మా మెస్ ముందు ఎప్పటిలాగే చాయ్ తాగేవాళ్లు చేరారు. బలరాం స్వామి పూజ ముగించుకుని వచ్చి, చలికి నల్ల శాలువా కప్పుకుని, పొయ్యి వైపు ఒకసారి చూశాడు. చాయ్ గిన్నె తప్ప ఏమీ లేదు. ఇత్తడి గిన్నె గూట్లోనే ఉంది. ఆయన నిదానంగా చాయ్ తాగి, ఇంకొకటి అడిగి తాగి, గదికి వెళ్లిపోయాడు. అమర్‌సింగ్ ఆటో కడుక్కోవడం మొదలుపెట్టాడు.

ఎనిమిదికల్లా పదకొండు మందీ వరండాలో ఉన్నారు.

పది గంటలకు మంగ్యా రోడ్డు దాటి వచ్చాడు. "విజయక్కా, పదకొండు భోజనాలు. ఒకటి స్వామికి."

"పొద్దుగాల చెప్పకపోతివి?"

"మరిచిపోయిన."

"నువ్వు మరువవు మంగ్యా" అని అమ్మ ఎసరు పెట్టింది. తర్వాత గూట్లోంచి ఇత్తడి గిన్నె తీసి కడిగి పొయ్యి మీద పెట్టింది. చాయ్ బల్ల దగ్గర ఉన్న నలుగురూ మాటలు ఆపి ఆ గిన్నెనే చూశారు. ఒకడు పక్కవాడితో, "ఇప్పుడా పెట్టేది" అన్నాడు.

రోడ్డు అవతల మహీధర్ వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతను గిన్నెను చూశాడు, చూస్తున్న వాళ్లను చూశాడు. బల్ల మీది ఫోన్ తీసి, తిరిగి వచ్చిన మంగ్యా చేతిలో పెట్టాడు. తప్పయిందనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ భోజనాలు ముందుగా చెప్పించలేదు. కనుక్కున్నది తనేనని అనుకున్నాడో ఏమో, మా అమ్మను కూడా ఏమీ అడగలేదు.

మంగ్యా డ్యూటీ నిలబడింది.

భోజనాలు నేనూ అమ్మా మోసుకెళ్లాం. మంగ్యా అందుకుని ఒక్కొక్కరి ముందు పెట్టాడు. అమర్‌సింగ్ ముందు పెట్టేటప్పుడు అతను తల ఎత్తి వాళ్ల భాషలో ఏదో అడిగాడు. మంగ్యా ఎస్సై వైపు చూశాడు. ఎస్సై ఏదో కాగితం తీసి చదువుకుంటున్నాడు. మంగ్యా కూడా వాళ్ల భాషలోనే జవాబు చెప్పాడు, చాలా రోజుల తర్వాత ఆ వరండాలో. ఏం మాట్లాడావని ఎస్సై అడగలేదు.

అప్పుడు ఏమన్నావని ఏళ్ల తర్వాత మా అమ్మ అడిగితే మంగ్యా చెప్పాడు. "మా పేర్లు ఎవరు చెప్పిండ్రు బావా అని అడిగిండు. మీ పేర్లు నేను చెప్పలే, మీ భోజనాలు ఆపింది మాత్రం నేనే అన్న."

అమర్‌సింగ్ కంచం ముందుకు నెట్టేశాడు. ఆ రోజు అతను తినలేదు. ఎస్సై ఎంత మంచి అలవాటు ఉన్నవాడైనా, ఆ ఒక్క మనిషి సాయంత్రం దాకా ఆకలితోనే కూర్చున్నాడు.

కొద్ది రోజులకే ఒక రాత్రి తెలంగాణ ఇస్తున్నారని ప్రకటన వచ్చింది. ఆ సంబరం రెండు వారాలే నిలిచిందన్నది వేరే మాట. మర్నాడు పొద్దున ఊరంతా గులాల్ పొడితో రోడ్డు మీదికొచ్చింది. ఊరేగింపు ఠాణా ముందు ఆగింది. అమర్‌సింగ్ మెట్లెక్కి ఎస్సై రెండు చెంపలకూ గులాల్ పూశాడు. శ్రీపాల్ కుర్చీలోంచి లేవకపోతే కూర్చున్న చోటే నెత్తిన పోశాడు. జీపును కూడా వదల్లేదు. రాంజీ మొదటి వరుసలో ఉన్నాడు. మంగ్యా గుమ్మం పక్కన అటెన్షన్‌లో నిలబడ్డాడు. అమర్‌సింగ్ అతని ముందు నుంచే దిగి వెళ్లిపోయాడు. రాజీ ఇంటికి అతను మళ్లీ రావడానికి ఏడాదిన్నర పట్టింది.

మధ్యాహ్నం మంగ్యా ఒక్కడే జీపు కడిగాడు. కడిగి తినడానికి వచ్చాడు. చేతులు మోచేతుల దాకా గులాబీ రంగులో ఉన్నాయి. పొద్దున జరిగిందంతా అమ్మ కిటికీలోంచి చూసింది. అయినా కంచం పెడుతూ అడిగింది.

"నీకు గూడ పూసిండ్రా మంగ్యా?"

"పూసిండ్రక్కా" అన్నాడు మంగ్యా, చేతులు కడుక్కోకుండానే కూర్చుని.

అమ్మ అన్నం వడ్డించింది. ఆ రోజు మొదటిసారి ఠాణా వాళ్ల భోజనాలు లోపలి పొయ్యి మీద ఉడికాయి.