గోడకు తొడిగిన గాజులు

మా పక్కింటి మామ్మగారు గుడివాడలో చెల్లెలి మనవరాలి పెళ్ళికి వెళ్ళి, అక్కడే నిద్రలో పోయారని ఫోనొచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న మాత్రం దేవుడి పటం వంక చూడలేదు. మాకూ ఆవిడకూ ఉమ్మడిగా ఉన్న గోడ వంక చూశారు. నేనూ అటే చూశాను. సంతాపం తెలిపే పద్ధతి ఇది కాదని తెలుసు. ఏం చెయ్యను, మా ఇంటికి ముందు భయం వచ్చింది. దుఃఖం తర్వాతి బస్సుకి వచ్చింది.

ఆ భయం అర్థం కావాలంటే మా వరస గురించి చెప్పాలి. బందరులో, దొరల కాలంలో కట్టిన ఆరిళ్ళ వరస ఇది. ఇళ్ళ మధ్య సందు లేదు. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఇటు దూలాలూ అటు దూలాలూ అందులోనే తలలు పెట్టుకుని పడుకున్నాయి. ముందువైపు అన్నిటికీ ఒకటే పోలిక: సన్నగా నిటారుగా రెండంతస్తులు, నెత్తిన కమానులున్న పొడవాటి కిటికీలు, పోత ఇనుముతో చేసిన కటకటాలు. పైన పొగగొట్టాలు కూడా ఉన్నాయి. బందరులో చలిమంట కోసం పొగగొట్టం కట్టించిన ఆ మహానుభావుణ్ణి మామ్మగారు మేడెక్కినప్పుడల్లా తలుచుకునేవారు. "పాపం, ఎండాకాలం రాకముందే పని ముగించి ఓడెక్కేసుంటాడు" అనేవారు.

వీధి మొదట్లో నీలం బోర్డు ఉంది. ఇది రక్షిత కట్టడమనీ, హాని చేసినవారు శిక్షార్హులనీ రాసుంటుంది. హాని చేస్తున్నది ఉప్పుగాలి. దాన్ని ఇంతవరకూ ఎవరూ అరెస్టు చెయ్యలేదు. మా వరసలో మేకు కొట్టడానికి అనుమతి కావాలి, ఇటుక రాలడానికి అక్కర్లేదు.

మామ్మగారిది ఆఖరి ఇల్లు. దానికి ఆనుకోవడానికి అవతల ఏమీ లేదు. మిగతా అయిదిళ్ళ ఒరుగుడూ దాని మీదే. "నేను నిలబడ్డాను కాబట్టి మీరంతా చేరగిలపడ్డారర్రా" అనేవారు ఆవిడ, ఇంటి సంగతి కాదన్నట్టు మొహం పెట్టి.

మా ఉమ్మడి గోడలో మెట్ల పక్కన పైనుంచి కిందికి ఒక పగులు ఉంది. దాని మీద అడ్డంగా, గోడకి రెండువైపులా, ఆవిడ చేతిగాజుల ముక్కలు పెట్టి కొసల్ని సున్నంతో అతికించేవారు. గోడ కదిలితే ముందు గాజు విరుగుతుంది. ఆవిడ మావగారి కాలం నుంచీ వరసలో ఇదే పద్ధతట. కోనేరు సెంటర్లో గాజులాయన ఏ సైజు కావాలమ్మా అంటే, "మా గోడకి బాబూ, కాస్త బొద్దుగా ఉంటుంది" అన్నారోసారి. ఆయన ఆ రోజంతా వచ్చినవాళ్ళందరికీ అది చెప్పుకున్నాడు.

రోజూ పొద్దున్నే తన వైపు గాజులు చూసుకుని, అప్పడాల కర్రతో గోడ మీద టకటకమనిపించేవారు. అమ్మ మావైపువి చూసి గరిటెతో బదులిచ్చేది. అప్పుడు గానీ మా ఇంట్లో కాఫీ గ్లాసులు లేచేవి కావు. పాత గోడని కర్రతో కొట్టడమేమిటి మామ్మగారూ అని అడిగాను. "డాక్టరు నీ వీపు మీద కొట్టడూ? నువ్వేమన్నా చచ్చావా?" అన్నారు.

వరసలో మూడో ఇంటాయనకి ఈ గాజుల వ్యవహారం నామోషీగా ఉండేది. అనుమతి వచ్చేదాకా ఆగలేక పగుళ్ళన్నీ సిమెంటుతో పూడ్పించి, మీద రంగు వేయించేశాడు. ఇల్లు పెళ్ళికొడుకులా తయారైంది. మామ్మగారు వెళ్ళి, నింపాదిగా అంతా చూసి, "బాగుంది నాయనా. ఇక ఇది కదిలితే నీకెవరు చెబుతారు?" అన్నారు. ఆయన నవ్వాడు. నిజం చెప్పొద్దూ, మేమూ నవ్వాం.

ఆ ఏడాదే తుఫాను వచ్చింది. మధ్యాహ్నం భోజనాలవేళ, గాలి హోరులో, మెట్ల దగ్గర చిటుక్కుమని చిన్న చప్పుడు. వెళ్ళి చూస్తే పగులు మీది గాజు రెండు ముక్కలై ఉంది. అప్పటికే ఆవిడ వానలో వీధిలో నిలబడి, అప్పడాల కర్రతో ఒక్కో తలుపూ బాదుతున్నారు.

"లేవండి. చెప్పులు వెతక్కండి."

చెప్పులు వెతక్కుండా ఆరిళ్ళవాళ్ళమూ రోడ్డు మీదికొచ్చాం. మూడో ఇంటాయన చేతిలో టీవీ రిమోటు అలాగే ఉంది. ఆయన పొగగొట్టం, దాని కింది గోడ ముక్కతో సహా, ఆయన రోజూ కూర్చునే కుర్చీ ఉన్నచోటే కూలింది. మిగిలిన గోడల మీద రంగు మాత్రం ఎక్కడా పెచ్చు లేవలేదు. ఆ వారంలోనే మామ్మగారు ఆయన ఇంటికి సున్నం గిన్నె పట్టుకెళ్ళారు. గాజులు ఆయనే కొనుక్కొచ్చాడు.

ఇప్పుడు మామ్మగారి పన్నెండోరోజు అయ్యాక ఆవిడ కూతురు తాళంచెవి అమ్మ చేతిలో పెట్టింది. ఇల్లు అమ్మే ఉద్దేశం లేదనీ, వచ్చి ఉండే వీలూ లేదనీ చెప్పింది. "మీరే కాస్త కనిపెట్టుకుని ఉండండి వదినా" అని చల్లపల్లి బస్సెక్కింది. మనిషి లేని ఇల్లు ఈ ఉప్పుగాలిలో ఎన్నాళ్ళు నిలబడుతుందో మా వరసలో ఎవరూ పైకి అనరు. అందరం సాయంత్రం నడకకి అటే వెళ్ళి, ఆ గోడని తలెత్తి చూసి, వాతావరణం గురించి మాట్లాడుకుని వస్తాం.

ఇప్పుడు పొద్దున్నే తాళం తీసుకుని వెళ్ళేది నేనే. వంటింట్లో అప్పడాల కర్ర ఆవిడ పెట్టిన చోటే ఉంటుంది. ఈవేళ సముద్రంలో వాయుగుండమని టీవీలో చెప్పారు. మెట్ల దగ్గర టార్చి వేసి చూశాను. ఆవిడ ఆఖరుగా అతికించిన ముక్క, ఆకుపచ్చది, విరగలేదు. దాని కొసన సున్నంలో ఆవిడ బొటనవేలి ముద్ర. మెల్లిగా, ఆవిడ కొట్టినట్టే, కర్రతో గోడ మీద కొట్టాను.

అవతల నుంచి గరిటె చప్పుడు రాలేదు. అమ్మ పాలు దించుతూ ఉండుంటుంది. ఆ వేలిముద్ర పక్కన చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, అలాగే నిలబడ్డాను.