మేడమ్ కొట్టేసిన కొలతలు

మొన్న ఉదయం అత్తాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. నాకు పరిశోధన నేర్పిన మేడమ్ ఇక లేరు. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆమె తలపెట్టిన పని పూర్తి కాకుండానే పోయారు.

శంషాబాద్ దగ్గరి మా ప్రయోగశాలలో ఆమె గొర్రె కంటి లెన్స్‌లో నీరెంత ఉందో కొలిచేవారు. లెన్స్ మీద లేజర్ వెలుగు వేసి, చెదిరి వచ్చే కాంతిని స్పెక్ట్రోమీటర్‌తో చూస్తే నీటి వాటా తెలుస్తుంది. వయసు మీదపడ్డాక లెన్స్ ఎందుకు మసకబారుతుందో అక్కడి నుంచే అంతు దొరుకుతుందని ఆమె నమ్మకం. శుక్లాలతో చూపు పోయిన తల్లిని చెయ్యి పట్టుకుని పొలం గట్ల మీద నడిపిస్తూ పెరిగిన మనిషి.

బయటికి తీసిన లెన్స్ గాలి తగిలితే ఎండిపోతుంది. లేజర్ సిద్ధమయ్యేసరికి కరెంటు పోయేది. వచ్చేసరికి లెన్స్ పనికిరాకుండా పోయేది. మళ్లీ మాంసం దుకాణానికి పరుగు.

"ఏంది మేడమ్, మళ్ల కండ్లేనా? జర కూర గిట్ల గూడ కొనుండ్రి!" అనేవాడు దుకాణం అన్న. ఆమె నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

లెన్స్‌ను ఉప్పునీళ్లలో ఉంచడం మొదలుపెట్టాక కొలతలు కుదిరాయి. వారాల తరబడి ఒకే తీరు. నిధుల గడువు దగ్గరపడుతోందని నివేదిక రాయడం మొదలుపెట్టాను. అప్పుడు కనిపెట్టారు మేడమ్, తాను కలిపిన నీళ్లలో ఉప్పు తక్కువైందని. లెన్సులు నీళ్లు పీల్చి ఉబ్బాయి. కొలతలన్నీ కొట్టేశారు.

"ఎవరికి తెలుస్తది మేడమ్? అన్నీ ఒక్క తీరుగనే వచ్చినయి గద!" అన్నాను.

"ఒక్క తీరుగ వస్తే నిజమైతదా బిడ్డా? మనకు తెల్సింది గద, ఇగ చాలు."

ఇంకొంత గడువు అడిగారు. నిధులిచ్చే కమిటీ ఇవ్వలేదు. యంత్రాన్ని వేరే ఊరికి పంపేయమంది. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. అయినా, నా దగ్గర పనిచేసే పిల్లలు అంకెలు కుదిరాయని సంబరంగా వచ్చినప్పుడల్లా నా నోట ఆమె మాటే వస్తుంది.

యంత్రం వెళ్లిన రోజు, లారీ రింగు రోడ్డు వైపు మలుపు తిరిగేదాకా మేడమ్ గేటు దగ్గర నిలబడ్డారు. తర్వాత లేజర్ గదిలోకి వచ్చి, చీకటి కోసం ఏళ్లుగా మూసి ఉంచిన కిటికీ తెరిచారు. హిమాయత్ సాగర్ వైపు నుంచి వాన వస్తోంది. నేను కిటికీ మూయబోతే వద్దన్నారు. జల్లు లోపలికి కొడుతుంటే, ఖాళీ బల్ల మీద చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు.