యాకూబ్ భాయ్ కలిపిన తొంభై రోజులు

అమీర్‌పేటలో యాకూబ్ భాయ్ రెజ్యూమె తయారుచేశాడంటే అందులో అనుభవానికి లోటుండదు. నిన్న కోర్సు ముగించినవాడికి మూడేళ్ళు, మొన్న ముగించినవాడికి నాలుగేళ్ళు కలుపుతాడు. అడిగితేనే కలుపుతాడనుకుంటే పొరపాటు. పాపం పిల్లలు అడగడానికి మొహమాటపడతారేమోనని తనే కలిపేస్తాడు. పంజాగుట్ట నుంచి రోజూ నడిచొచ్చి, ఇరవై ఏళ్ళుగా అక్కడొక సందులో రెండు కంప్యూటర్లూ ఒక ప్రింటరూ పెట్టుకుని కూర్చున్న మనిషి. తన రాతల వల్ల ఎవరూ చెడిపోలేదని, కుర్చీలో కూర్చున్నాక రెండు వారాల్లో పని అదే వస్తుందని ఆయన గట్టి నమ్మకం.

హైందవి మధురానగర్ హాస్టల్లో ఉంటూ జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతోంది. శ్రీలంక తీరంలో తిమింగలాలను లెక్కపెట్టే పరిశోధకులు మూడు నెలల ఇంటర్న్‌షిప్‌కి విద్యార్థులను తీసుకుంటున్నారని తెలిసి, దరఖాస్తు పెట్టడానికి ఆయన దగ్గరికి వచ్చింది. ఆమె చెబుతుంటే ఆయన నింపాడు. సముద్రం మీద ఎన్ని రోజులు గడిపారు అన్న గడి దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగి ఆమె బయటికి వెళ్ళింది. ఖాళీ గడి కనబడితే యాకూబ్ భాయ్ చెయ్యి ఊరుకోదు. తొంభై అని కొట్టి పంపేశాడు.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. అంత అనుభవముంది కనుక శిక్షణ అక్కర్లేదు, మొదటి రోజే చిన్న పడవలో తిమింగలాల దగ్గరికి పంపుతామన్నారు. అనుభవమేమిటని హైందవి తెల్లబోతే, అది తన చేతి చలవేనని యాకూబ్ భాయ్ నవ్వాడు. ఆ తర్వాత మాటవరసకి ఈత వచ్చా అని అడిగాడు. రాదంది. సముద్రంలో మోకాళ్ళు దాటి ఎప్పుడూ దిగలేదంది.

ఆయనకు నిజంగానే భయం వేసింది. ఉన్నదున్నట్టు రాసి పంపుదామన్నాడు. ఆ పిల్ల ససేమిరా అంది. చిన్నప్పటినుంచీ కోరుకుంటున్నది చేతికందిందని, ఇప్పుడు నిజం చెబితే వద్దంటారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వెళ్ళాక అందరూ నేర్చుకుంటారని మీరే అంటారు కదా అంకుల్."

"ఆఫీసుల దొరికితే తిట్టి ఇంటికి పంపుతరు బేటీ. నడి సముద్రంల మునిగితే ఎవరు పంపుతరు?"

చాలాసేపటికి ఆమె తలూపింది. తొంభై తను రాసిందేనని, ఇందులో అమ్మాయి తప్పేమీ లేదని ఆయన తన పేరు పెట్టి రాసి పంపాడు. రాసిన అంకెను వెనక్కి తీసుకోవడం ఆయన సర్వీసులో అదే మొదలు.

నాలుగు రోజులకు జవాబొచ్చింది. పడవలో చోటు వేరొకరికి ఇచ్చేశారట. ఇష్టమైతే కొత్తవాళ్ళతో కలిసి తీరంలోని కొండ మీద కూర్చుని, ఊపిరి చిమ్ముతూ పైకొచ్చే తిమింగలాలను బైనాక్యులర్స్‌తో చూసి లెక్క రాయవచ్చు. పడవ ఎక్కిస్తామని మాత్రం మాటివ్వలేమన్నారు. హైందవి సరేనంది గానీ యాకూబ్ భాయ్ మొహం చూడలేదు. చెప్పకుండానే ప్రయాణమైపోయింది.

పిల్ల అవకాశం చేజేతులా పాడుచేశానన్న బాధ ఆయన్ను మూడు వారాలు వదల్లేదు. దుకాణానికొచ్చిన కుర్రాళ్ళకు మాత్రం ఏళ్ళు కలుపుతూనే ఉన్నాడు, అలవాటు ఎక్కడికి పోతుంది. కాకపోతే ముందు అడిగి కలిపాడు.

నాలుగో వారంలో ఆయన ఫోనుకి హైందవి నుంచి మెసేజ్ వచ్చింది.

"ఇవాళ ఏడు కనబడ్డాయి అంకుల్. ఒక్కటి కూడా కలపలేదు."