కటింగ్ టేబుల్‌కు ఆరు వారాలు

మా పిన్ని రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. తల పైన కడ్డీకి వేలాడే బట్ట చుట్టను లాగి, నలభై పొరలు పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, ఆ గీత వెంట మిషను కత్తి నడపడం ఆమె పని. పద్దెనిమిదేళ్లుగా ఆ టేబుల్ ఆమెదే.

కుడి రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులూ తీసేశారు. ఓనరు ఆస్పత్రికి వచ్చి, కూర్చోకుండానే చెప్పాడు.

“ఆరు వారాలు ఆగుతానమ్మా. తర్వాత టేబుల్ నీ శిష్యుడికి ఇచ్చేస్తా. ఆర్డర్లు నీ కోసం ఆగవు కదా.”

ఆ వైపు చెయ్యి మళ్లీ పైకి లేవాలంటే రోజూ గోడ మీద వేళ్లు పాకించాలి. పిన్ని వేళ్లు భుజం దాటక ముందే ప్రాణం విలవిల్లాడేది. అప్పుడు వార్డు నర్సు ఆమెకు స్వీయ హిప్నాసిస్ నేర్పింది. అది నిద్ర కాదు, మంత్రం అంతకన్నా కాదు. ఊపిరిని లెక్కపెడుతూ ధ్యాసను ఒక్కచోటికి కుదిస్తే, మెదడు నొప్పికి ఇచ్చే విలువ తగ్గుతుంది. నర్సు ఏటి ఒడ్డును ఊహించుకోమంది. పిన్నికి ఏరు కుదరలేదు. కళ్లు మూసుకుని నొప్పిని టేబుల్ మీద పరిచి, దాని చుట్టూ సుద్ద గీత గీసి, కత్తిరించి కింద పారేసేది.

“ఈ గాయం నొప్పికే సుమా,” అంది నర్సు. “కొత్తగా వేడి, ఎరుపు కనబడితే కళ్లు మూసుకోవద్దు, ఆస్పత్రికి రండి.”

ఇంటికొచ్చాక, పాపతో వాళ్లింట్లోనే ఉంటున్న నేనే, వేళ్లు అందిన చోటల్లా గోడ మీద పెన్సిల్ గీత పెట్టేదాన్ని. మూడో వారానికి వేళ్లు చెవి దాటాయి. ఆమె మొహంలో బాధ కనిపించేది కాదు. అదే ఆమె కొంప ముంచింది.

“రోగం ఉన్న మొహమేనా అది?” అంది బాబాయి వాళ్లమ్మ. “కళ్లు మూసుకుంటే నొప్పి పోతుందట. నా మోకాళ్లకీ ఓ ముక్క కత్తిరించు అమ్మాయ్.”

“మీవి కత్తిరిస్తే పాతబట్టల కింద కూడా పోవు అత్తయ్యా,” అంది పిన్ని.

ఆ నవ్వుల్లోనే నీళ్ల బకెట్లు ఆమె చేతికొచ్చాయి. తర్వాత తడిబట్టలు పిండడం. బరువులు ఎత్తకూడదని నాకు తెలుసు. తెలిసి కూడా, నా పాప రాత్రంతా ఏడ్చిన మర్నాడు, గంటసేపు నిద్రపోతానని పాపను ఆమెకే ఇచ్చాను. పాప తొమ్మిది కిలోలు.

నాలుగో వారం చంక దగ్గర సలుపు మొదలైంది. పిన్ని బాబాయితో చెప్పింది.

“ఏమండీ, ఇది వేరేగా ఉంది. కాలుతున్నట్టుంది.”

బాబాయి ఫోన్లోంచి తల ఎత్తలేదు. “నీ దగ్గర మందుందిగా. కళ్లు మూసుకో.”

ఆమె మూసుకుంది. బతిమాలే అలవాటు లేని మనిషి. పైగా మళ్లీ ఆస్పత్రిలో పడితే ఆరు వారాలు దాటిపోతాయని భయం. గీత గీసింది, కత్తిరించింది. మూడు రోజులు అలాగే. నాలుగో రోజు ఒళ్లు కాలిపోతూ గోడ పక్కనే కూలబడింది. జాకెట్టు విప్పి చూస్తే కుట్ల చుట్టూ ఎర్రగా ఉబ్బి, చీము కారుతోంది.

గాయం మళ్లీ తెరిచి శుభ్రం చేశారు. పదకొండు రోజులు ఆస్పత్రిలోనే. గాయం మానిన చోట చర్మం తాడులా బిగుసుకుపోయింది.

ఎనిమిదో వారం ఫ్యాక్టరీకి వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. శిష్యుడు టేబుల్ వదిలి పక్కకు జరిగాడు.

“గడువు దాటింది. సరే, ఓసారి చుట్ట లాగి చూపించమ్మా,” అన్నాడు ఓనరు.

పిన్ని ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. చెయ్యి ఎత్తింది. భుజం దాకా లేచి ఆగింది. మొహంలో నొప్పి లేదు. చెయ్యి మాత్రం అంతకన్నా లేవలేదు. ఊపిరి ఎంత లెక్కపెట్టినా బిగుసుకున్న చర్మం సాగదు కదా. మునివేళ్ల మీద లేచి చూసింది. కడ్డీ ఇంకా మూరెడు పైన ఉంది.

ఓనరు శిష్యుడి వైపు తల ఊపాడు. అతను ఆమె తల మీదుగా చెయ్యి చాచి చుట్ట లాగాడు.

సాయంత్రం ఈ సంగతి చెప్తే బాబాయి చెప్పులు విప్పుతూ అన్నాడు: “పోన్లే. ఇంటి పనికి ఆ మాత్రం ఎత్తు చాలు.”