పదిహేడో రోజు కోసిన కట్టు

మా ఆయనను నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన మడమ ఇంకొకరి నోటికి తగిలింది. తిరుపతిలో నేను డిగ్రీ చదివే రోజులు. యూనివర్సిటీ గ్రౌండ్‌లో కబడ్డీ పోటీ జరుగుతోంది. కూతకు వెళ్ళిన ఆయన చీలమండను అవతలి జట్టు కుర్రాడొకడు రెండు చేతులా ఒడిసిపట్టాడు. ఆయన వెనక్కి తన్ని విడిపించుకుని గీత దాటాడు. ఆ కుర్రాడు లేచి, నోట్లో వేలు పెట్టి ఒక పన్ను బయటికి తీశాడు. దాన్ని గీత అవతల ఉన్న స్నేహితుడి చేతిలో పెట్టి మళ్ళీ వచ్చి తన చోట నిలబడ్డాడు. నా పక్కనున్న అమ్మాయిలు కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

పెళ్ళయింది, పాప పుట్టింది. ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతూనే, టీవీలో వచ్చే కబడ్డీ లీగ్‌లో ఆడాలని తిరిగాడు. రెండుసార్లు సెలెక్షన్స్‌కు వెళ్ళి, రెండుసార్లూ ఆఖరి రోజున వెనక్కి వచ్చాడు. ఈ ఏడాది చెన్నైలో ఒక జట్టు వాళ్ళు నలభై మందిని పిలిచారు. అందులో ఈయన ఒకడు. కాలేజీలో నేర్పిన కోచ్ ఫోన్ చేసి చెప్పాడు: "ఇదే ఆఖరి తూరి అప్పా. ఇరవై ఏండ్ల పిల్లోళ్ళు వస్తా ఉండారు. వచ్చే ఏడు నిన్నెవురూ పిలవరు."

ఇంట్లో ప్రాక్టీసుకు నేనే అవతలి జట్టు. పరుపు కింద వేసి, ఆయన కూత మొదలుపెడితే నేను కాలు పట్టుకోవాలి. ఆయన విదిలించుకునేవాడు. నా మోచెయ్యి గోడకు కొట్టుకునేది, మోకాళ్ళు నేలకు గీరుకునేవి. అమ్మ ఒకరోజు నా చేతులు చూసి గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు. కొడతా ఉండాడా?"

"లేదమ్మా. ఆట."

"ఆటకు ఇట్ల కములుతుందా?"

అమ్మ నమ్మలేదు. నమ్మించడానికి నేనూ పెద్దగా ప్రయత్నించలేదు. నన్ను బాధించింది ఆ దెబ్బలు కాదు. ఒక్కసారైనా ఆయన కూత ఆగేదాకా పట్టి ఉంచలేకపోయాను.

సెలెక్షన్స్ ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయనగా మా ఊళ్ళో జాతర వచ్చింది. జాతర కబడ్డీ పందేలకు మా వైపు బయటివాళ్ళను దించకూడదు. అల్లుడు మాత్రం ఊరివాడి కిందే లెక్క. నాయన వారం ముందే నాకు ఫోన్ చేసి, "ఒక్క ఆటకు రమ్మను. ఊరంతా అడుగుతా ఉండారు" అన్నాడు. ఆయన ససేమిరా అన్నాడు. "గరుసు నేలమింద ఆడేది, ఏమన్నా అయితే?" అన్నాడు. నాయన నోరు తెరిచి అడిగాక కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నాను. రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నాను. మూడో రోజు ఆయన బట్టలు సర్దుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో ఆట. పక్క ఊరి జట్టులో ఒక నల్లటి పొడుగాటి మనిషి ఉన్నాడు. మా ఆయన గీత దగ్గరికి రాగానే వాడు తనవాళ్ళతో గట్టిగా అన్నాడు, "అల్లుడొచ్చినాడప్పా. మర్యాదలు సెయ్యండి."

మొదటిసారి కాళ్ళు లాగి బోర్లా పడేశారు. గడ్డం చీరుకుపోయింది. "కాళ్ళు కడిగినాం," అన్నాడు వాడు. జనం నవ్వారు, మా ఊరివాళ్ళు కూడా. ఆ తర్వాత వరసగా మూడు కూతల్లో ఆయన వాళ్ళలో నలుగురిని అవుట్ చేశాడు. వాళ్ళు తిరిగి వచ్చాక ఒకడు మోకాలితో పక్కటెముకల్లో పొడిచాడు. "భోజనం పెట్టినాం." ఆయన నెత్తురు ఉమ్మి నా వైపు చూశాడు. నేను పాపను భుజానికెత్తుకుని ఈల వేస్తున్నాను. ఆ ఈల గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆఖరి కూతలో ఐదుగురు మీద పడ్డారు. ఎడమ చెయ్యి వాళ్ళందరి కింద, వెనక్కి మడత పడి ఉంది. పచ్చి మట్ట విరిచినట్టు చప్పుడైంది. "పడకేసినాం..." అంటూ లేచిన ఆ పొడుగాటి మనిషి, ఆ చెయ్యి వేలాడుతున్న తీరు చూసి మాట మింగేశాడు. అతనే పరిగెత్తి ఆటో తెచ్చాడు.

ఎముక విరిగినా కీలు తప్పినా మా వైపు నేరుగా పుత్తూరుకే పోతారు. అక్కడ కట్టు కట్టే పెద్దాయన భుజం తడిమి చూసి, కీలు తప్పిందన్నాడు. ఇద్దరు మనుషులు ఆయనను పట్టుకున్నారు. ఆయన అరవలేదు, పళ్ళ మధ్య నుంచి "కబడ్డీ కబడ్డీ" అంటూ ఉన్నాడు. కీలు కూర్చున్నా కూత ఆగలేదు. తర్వాత ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు.

"మూడు కట్లు. ఎనిమిది రోజులకొకటి. మూడోది ఇప్పేదాకా బిడ్డను గూడా ఎత్తుకోవాకు," అన్నాడు పెద్దాయన.

సెలెక్షన్స్‌కు పద్దెనిమిది రోజులు. కట్లకు ఇరవై నాలుగు. దారంతా ఇద్దరం ఆ లెక్కే వేసుకున్నాం, పైకి అనలేదు.

మూడో కట్టు వేయించుకున్న మరుసటి రోజు, అంటే పదిహేడో రోజు, ఆయన నా ముందు వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"కొయ్యి మే."

"వద్దు."

"నువ్వు కొయ్యకపోతే బ్లేడు ఎత్తుకుంటా."

పందెంలోకి తోసింది నేను. ఇప్పుడు అడ్డం పడే హక్కు నాకు లేదనిపించింది. జాకెట్లు కత్తిరించే కత్తెరతో కోశాను. కింద చర్మం పచ్చగా, ముడతలు పడి, పుట్టినప్పటి పాప వేళ్ళలా ఉంది. నాలుగుసార్లు సబ్బుతో రుద్దాను. రంగు పోయింది. పసరు వాసన మాత్రం పోలేదు. పైన పౌడరు చల్లాను. ఆయన చెయ్యి భుజం ఎత్తుకు లేపాడు. పెదవులు తెల్లబడ్డాయి. "సూడు, లేస్తా ఉండాది," అన్నాడు.

మరుసటి రోజు చెన్నైలో పెద్ద హాలు, నీలం మ్యాట్. ఆడే ముందు ఫిజియో ఒక్కొక్కరినీ పరీక్ష చేస్తున్నాడు. తమిళాయన, తెలుగు వచ్చు. మా ఆయన భుజం దగ్గరికి వంగినవాడు అలాగే ఆగి, ముక్కు ఎగబీల్చాడు. చెన్నై నుంచి కూడా జనం కట్టుకు పుత్తూరు వస్తారని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"పుత్తూరు కట్టా?"

"ఎప్పుడో పోయినేడుది అన్నా. నొప్పి రాకుండా పసరు పూసుకుంటా ఉంటాను."

ఫిజియో నా వైపు తిరిగాడు. నేను పాపతో బల్ల పక్కనే ఉన్నాను. "అమ్మా, నిజమా?"

"నిజమే," అన్నాను.

మొదటి కూతలో కాలి బొటనవేలితో ఒకరిని తాకి వచ్చాడు. ఆ జట్టు కోచ్ ఏదో రాసుకున్నాడు. రెండో కూతకు వెళ్ళేసరికి, హర్యానా నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఈయన ఎడమ చెయ్యి ఊగడం లేదని కనిపెట్టాడు. కాలు వదిలేసి ఆ మణికట్టే దొరకబుచ్చుకుని, వెనక్కి వాలి, బావిలో చేద లాగినట్టు లాగాడు. బనీను కింద భుజం తన చోటు వదిలి ముందుకు రావడం నేను చూశాను. ఇంకో ఇద్దరు నడుం మీద పడ్డారు. ఆయన కూత ఆపలేదు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ కుడిచేతి వేళ్ళు గీత దాటించాడు. విజిల్ పడింది. మూడు పాయింట్లు. తర్వాత మ్యాట్ మీద వాంతి చేసుకున్నాడు.

ఫిజియో వచ్చి చెయ్యికి గుడ్డ కట్టి మెడకు వేలాడదీశాడు. "ముందు ఆస్పత్రికి," అని ఆయనతో చెప్పి నా దగ్గరికి వచ్చాడు. "నేను నిన్ను కదమ్మా అడిగింది," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. కోచ్ కాగితం మీద ఆయన పేరుకు అడ్డంగా గీత గీశాడు.

ఆస్పత్రికి వెళ్ళలేదు. మేం మళ్ళీ మాకు తెలిసిన చోటికే బస్సెక్కాం. తిరుత్తణి, నగరి దాటేదాకా ప్రతి గుంతకూ ఆయన నా తొడను గోళ్ళతో నొక్కాడు.

పుత్తూరులో పెద్దాయన భుజం చూసి అడిగాడు. "నా కట్టు ఎవురు కోసింది?"

"నేనే," అన్నాడు ఆయన.

"నేను," అన్నాను.

పెద్దాయన మా ఇద్దరినీ చూశాడు. "అట్లయితే నువ్వే పట్టుకో. ఈపొద్దు నా కాడ మనుషులు లేరు."

కాలికి కట్టుతో బెంచీ మీద కూర్చున్న ఒక ముసలామె పాపను తీసుకుంది. నేను వెనక నుంచి ఆయన నడుం చుట్టూ చేతులు వేసి వేళ్ళు బిగించాను. పెద్దాయన తన మడమ ఆయన చంకలో ఆనించి చెయ్యి లాగాడు. మా ఆయన కూత మొదలుపెట్టాడు. ఒళ్ళంతా మెలితిరిగింది. కుడి మోచెయ్యి వెనక్కి వచ్చి నా నోటికి తగిలింది. కళ్ళకు చీకటి కమ్మింది. వేళ్ళు వదల్లేదు. కూత సన్నబడింది, తెగింది, దాని చోట నేనెప్పుడూ వినని అరుపొకటి వచ్చింది. అప్పుడు కీలు కూర్చుంది.

వెదురు బద్దలు కడుతూ పెద్దాయన అడిగాడు. "ఇంగ ఆట?"

"అయిపోయింది పెద్దాయనా," అన్నాడు మా ఆయన.

తర్వాత నా వైపు తిరిగాడు. "వదల్లేదే నువ్వు," అన్నాడు.

నోట్లో వేలు పెట్టి చూసుకున్నాను. కింది పన్ను ఒకటి కదులుతోంది. ముసలామె పాపను నా చేతికిస్తూ, "మూడు కట్లమ్మా. ఈ తూరి గూడా కోసేవు, జాగ్రత్త," అంది.